కంప్యూటర్ మీద నా ఓటు పెన్సిల్‌కే

నార్వే కుర్రాళ్ళు అ-హా పాడిన ‘టేక్ ఆన్ మి’ 1984లో వచ్చినప్పుడు బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. 1985లో పాటని మళ్ళీ రికార్డు చేసి, స్టీవ్ బారన్‌తో కొత్త వీడియో తీయించారు (వెర్షన్ 2 అన్నమాట!). అక్టోబరులో అమెరికాలో నంబర్ వన్.

ముందు నటులతో షూట్ చేసి, దాదాపు 3000 ఫ్రేములకి పెన్సిల్ బొమ్మలు చేత్తో గీశారు. 16 వారాలు పట్టిందిట. నా మటుకు నాకు గొప్పగా అనిపించేది ఆ ఓపిక ఒక్కటే కాదండోయ్. చివర్లో ఆ కామిక్ హీరో మనిషిగా మారాలని కారిడార్ గోడలకేసి ఒళ్ళు బాదుకుంటాడు చూడండి, అక్కడ గీతలు వణకడమే కథ. హంగు కాదు.

1986 ఎమ్‌టీవీ అవార్డుల్లో దీనికి 6 వచ్చాయి. ఉత్తమ వీడియో మాత్రం కంప్యూటర్ యానిమేషన్‌తో చేసిన ‘మనీ ఫర్ నథింగ్’ ఎగరేసుకుపోయింది. అదీ బారన్ తీసిందే!