పాత మిల్లింగ్ యంత్రం – సర్వో మోటారు

గౌలిపురలో ఒక చిన్న కార్ఖానాదారు తన పాత మిల్లింగ్ యంత్రానికి సర్వో మోటార్లు బిగించదలచాడనుకొందాం. వేటిని ఎన్నుకోవాలి? సమాధానం చరిత్రలోనే ఉన్నది.

1943లో సికింద్రాబాదున ప్రాగా టూల్స్ వెలసిన రోజులలో యంత్రపు బల్లను సరియైన కొలతకు చేర్చినవి పనివాని చేయి, కన్ను. చేతి పనిని మోటారుకు అప్పగించవచ్చును. మరి కంటి పనినో? అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 1952లో ఒక సిన్సినాటి మిల్లింగ్ యంత్రాన్ని సవరించి దారి చూపారు. చిల్లుల కాగితపు పట్టీ ఆజ్ఞ ఇస్తుంది. బల్ల నిజంగా ఎంత జరిగిందో ఆ వార్త వెనుకకు వస్తుంది. రెండింటికీ తేడా పోయేవరకు బల్ల కదులుతుంది.

కనుక మోటారు బలం ఒక్కటే చాలదు. కొలిచి చెప్పే సాధనమూ కావాలి. అది మోటారు ఇరుసుననే ఉండి, బల్లను నడిపే మర వదులైతే, మోటారు సరిగా తిరిగినా బల్ల వెనుకబడుతుంది. ముందు మర వదులు తీర్చి, పిదప మోటారును ఎన్నుకోవడం మంచిది.