తాలీంకు వయసు హద్దు లేదు

ఉదయగిరి ఖిల్లా తవారీఖ్ అనగానే మనకు పాదుషాల పేర్లే గుర్తొస్తాయి. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. తర్వాత గోల్కొండ సుల్తానుల హుకూమత్, ఆ పైన ఆర్కాటు నవాబుల జమానా వచ్చాయి. కానీ కొండ మీది మసీదునూ కోటగోడలనూ చూసినప్పుడు ఇంకో సంగతి కూడా తట్టాలి. మూడు వేల అడుగులు దాటిన ఆ కొండ మీదికి సున్నమైనా, ధాన్యమైనా మనుషుల భుజాల మీదో జంతువుల వీపు మీదో ఎక్కాల్సిందే. పాదుషాల తవారీఖ్ కింద పేరు లేని మనుషుల తాకత్ ఉంది.

కొండ కింద ఊళ్ళోనూ అంతే. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు అంటే దేశమంతా పేరుంది. నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కను చెక్కి, ఆకురాయితో రుద్ది నునుపు చేసే ఈ హునర్‌ను ముస్లిం ఖాందాన్లు, ముఖ్యంగా మన ఔరతులు, నిలబెట్టుకొస్తున్నారు. అది పొద్దంతా మణికట్టుకూ పిడికిలికీ కసరత్తే. ఇక మన దాదీ నానీల కాలంలో బావి నుంచి నీళ్ళు తోడటం, తిరగలి విసరటం, రోట్లో దంచటం ఉండేవి. వాటిని ఎవరూ వర్జిష్ అనలేదు గానీ ఒళ్ళు మాత్రం గట్టిపడేది.

పని కాకుండా కావాలని బలం పెంచుకునే చోటుకు మన పెద్దలు పెట్టిన పేరు తాలీంఖానా. ఈ మాటల్లోనే ఒక కథ ఉంది. తాలీం అంటే చదువు. తెలుగువాళ్ళు వస్తాదు అనేది మన ఉస్తాదునే, అంటే గురువును. కసరత్తు కూడా అరబీ ‘కస్రత్’ నుంచి వచ్చిందే. దాని అసలు అర్థం అధికం. కొద్దికొద్దిగా పెంచుతూ మళ్ళీ మళ్ళీ చేసేదే కసరత్తు. పీర్ల పండగనాటి కర్రసాము, కత్తిసాముల వెనక ఈ తాలీమే ఉంది. దండాలు, బస్కీలు, ముగ్దర్ తిప్పడం అక్కడి సబక్‌లు.

ఆ ముగ్దర్‌ను హిందుస్తాన్‌లో చూసిన ఇంగ్లీషు సిపాయిలు తమ దేశానికి తీసుకెళ్ళారు. 1830ల నాటికే లండన్‌లో దాని మీద కితాబులు అచ్చయ్యాయి. 1866లో అమెరికాలో సైమన్ కెహో ‘ఇండియన్ క్లబ్’ కసరత్తు మీద ఒక పుస్తకమే వేశాడు. ఇక గామా పహిల్వాన్ 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు జిబిస్కోతో తలపడితే ఆ కుస్తీ రెండున్నర గంటలు సాగినా ఫైసలా కాలేదు. 1928లో పటియాలాలో మళ్ళీ పోటీ పడ్డారు. అప్పటికి గామాకు దాదాపు యాభై ఏళ్ళు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు, జిబిస్కో చిత్తయ్యాడు.

‘ఆయన పహిల్వాన్, మా అబ్బాజాన్‌కు డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు’ అంటారేమో. దీనికి జవాబు ఆస్పత్రుల తవారీఖ్‌లో ఉంది. 1945లో అమెరికా సైన్యపు డాక్టర్ థామస్ డిలోర్మ్ గాయపడ్డ సిపాయిలకు క్రమంగా బరువు పెంచుతూ కసరత్తు చేయించిన తీరును ప్రకటించాడు. కస్రత్ అంటే అదే కదా! 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే డాక్టర్, వయసుతో కండ కరిగిపోవడానికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాతరోనే బృందం, సగటున తొంభై ఏళ్ళున్న పదిమంది బుజుర్గులతో ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించింది. చివరిదాకా చేసిన తొమ్మిదిమంది తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. కండ తొంభైలో కూడా మాట వింటుందని అలా తేలింది.

మన ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. బావి పోయి మోటారు వచ్చింది, రోలు పోయి మిక్సీ వచ్చింది. ఆ రాహత్ మంచిదే. కానీ ఆ మెహనత్ ఇచ్చిన తాకత్ కూడా దాంతోపాటే పోయింది, దాని బదులు మనం ఏమీ పెట్టలేదు. ఆత్మకూరు పక్కన ఏ.ఎస్.పేట దర్గాకు జియారత్‌కు పోవాలంటే ముందు బస్సు మెట్టు ఎక్కాలి. సజ్దా నుంచి ఖియాంకు లేవాలంటే తొడల్లో సత్తువ ఉండాలి. మాజూరైనవారికి కుర్చీలో నమాజు చదివే ఇజాజత్ ఉంది, అందులో తప్పేమీ లేదు. కానీ కొంచెం వర్జిష్‌తో లేవగలిగే మనిషిని, పాపం పెద్దవాళ్ళని, కుర్చీకే అప్పగించడం ఖిద్మత్ అవుతుందా? ‘మీరు కూర్చోండి అమ్మీ, మేం చేస్తాం’ అని మొహబ్బత్‌తో అంటూ అంటూనే వాళ్ళ కాళ్ళను బలహీనం చేస్తున్నాం.

అరవై అయిదు దాటినవాళ్ళు వారంలో కనీసం రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు, మూడు రోజులు తూలకుండా నిలబడే అభ్యాసం చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. దీనికి జిమ్ అక్కర్లేదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎనిమిది పదిసార్లు లేచి కూర్చోవడం మన బస్కీకి తమ్ముడే. గోడకు చేతులు ఆనించి చేసేది దండం. లీటరు నీళ్ళ సీసా అంటే కిలో బరువు, అదే ముగ్దర్. ఊపిరి బిగబట్టకూడదు, సులువైపోయాక కొంచెం పెంచాలి. గుండెజబ్బు, బీపీ ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. పళ్ళెంలో గుడ్డు, పప్పు, చేప లాంటివి తగ్గకూడదు. పనిచేసే కండ రక్తంలోని చక్కెరను వాడుకుంటుంది కాబట్టి షుగర్ ఉన్నవారికి ఇది ఇంకో ఫాయిదా.

ఇల్మ్‌కు ఉమర్ అడ్డు కాదని మన పిల్లలకు చెబుతుంటాం. తాలీంఖానా పేరులో ఉన్నది కూడా ఆ తాలీమే. అందులో దాదాజాన్‌కూ, నానీజాన్‌కూ ఒక జగా ఉంచుదాం.