శానిటోరియమా, ఇల్లా?

మీ ఇంట్లో బాగా పెద్దవాళ్లుంటే అడిగి చూడండి. ఒకప్పుడు క్షయ సోకిందంటే రోగిని ఊరికి దూరంగా ఉండే శానిటోరియానికి పంపేవారు. మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, నెలల తరబడి విశ్రాంతి, ఇదే చికిత్స. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం ఇందుకు పేరుపొందింది. మరి అక్కడ మంచం దొరకనివారి గతి ఏమిటి?

దేశంలో అలాంటివారే ఎక్కువ. 1955-58 సంవత్సరాలలో జరిగిన జాతీయ సర్వేను బట్టి, కఫంలో క్షయ క్రిములున్న రోగులు దాదాపు 15 లక్షల మంది ఉంటారని అంచనా వేశారు. ఆసుపత్రి మంచాలు వేలలోనే ఉన్నాయి. అప్పటికే స్ట్రెప్టోమైసిన్, పి.ఎ.ఎస్., ఐసోనియాజిడ్ వంటి మందులు వచ్చాయి. వాటిని ఇంట్లోనే వాడితే చాలదా? చాలదని చాలామంది వైద్యులు భయపడ్డారు. చాలీచాలని తిండితో, ఇరుకు గదిలో రోగం నయమవుతుందా? పక్కనే పడుకునే పిల్లలకు అంటుకోదా?

ఈ ప్రశ్నకు ఏ ఒక్క ఆసుపత్రీ జవాబు చెప్పలేదు. వందలాది రోగులు, నమ్మదగిన ప్రయోగశాల, ఎక్స్-రేలు చదివే నిపుణులు, లెక్కలు కట్టేవారు, అందరూ ఒకచోట ఉండాలి. అందుకే భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి చేతులు కలిపి 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పాయి. బ్రిటన్ నుంచి వచ్చిన డాక్టర్ వాలెస్ ఫాక్స్ నాయకత్వం వహించారు.

ప్రయోగం ఎలా జరిగింది?

నగరంలోని పేద కుటుంబాలకు చెందిన 193 మంది రోగులను తీసుకున్నారు. ఎవరు ఇంట్లో ఉండాలి, ఎవరు శానిటోరియంలో ఉండాలి అన్నది వైద్యుడు ఎంచలేదు; లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఎందుకో ఊహించగలరా? వైద్యుడికే వదిలేస్తే జబ్బు ముదిరినవారిని ఆసుపత్రికి, తేలికగా ఉన్నవారిని ఇంటికి పంపవచ్చు. అప్పుడు పోలికకు అర్థమే ఉండదు. రెండు వర్గాలకూ ఏడాదిపాటు అవే మందులు, ఐసోనియాజిడ్, పి.ఎ.ఎస్. ఇచ్చారు. ఇంట్లో ఉన్నవారి దగ్గరికి సిబ్బంది చెప్పకుండా వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవారు. మందు నిజంగా మింగారో లేదో మూత్ర పరీక్ష చేసి తెలుసుకునేవారు.

ఫలితాలు 1959లో వెలువడ్డాయి. ఏడాది చివర శానిటోరియంలో 92 శాతం మందికి, ఇళ్లలో 86 శాతం మందికి వ్యాధి అణగింది. శానిటోరియం రోగులు మంచి తిండి తిని ఎక్కువ బరువు పెరిగారు. అయినా ఫలితంలో పెద్ద తేడా రాలేదు. మేలు చేసినవి మందులే. ఇంటివారికి అదనపు ప్రమాదమూ కనబడలేదు. చికిత్స మొదలుకాకముందే వారు రోగికి దగ్గరగా మెలిగారు కదా! ముప్పు ప్రధానంగా అప్పటిదే.

ఒక కేంద్రం చెప్పిన ఈ జవాబు దేశం దారినే మార్చింది. 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. జిల్లా స్థాయి పథకాన్ని ఆ సంస్థ 1961లో మన అనంతపురం జిల్లాలో రూపొందించి చూసింది. 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం మొదలైంది. మామూలు ఆసుపత్రిలో పరీక్ష, ఇంట్లో మందు, ఇదే దాని సూత్రం.

మరి క్షయ ఎందుకు పోలేదు? 1992లో కార్యక్రమాన్ని సమీక్షించినప్పుడు, చికిత్స మొదలుపెట్టినవారిలో సగం మంది కూడా దాన్ని పూర్తి చేయడం లేదని తేలింది. మద్రాసు ప్రయోగం ఏం రుజువు చేసిందో ఇక్కడ మళ్లీ గుర్తుచేసుకోండి. ఇల్లు చాలునని మాత్రమే అది చెప్పలేదు. ఆగకుండా అందే మందు, తలుపు తట్టి అడిగే మనిషి ఉంటే ఇల్లు చాలునని చెప్పింది. విధానంలో మొదటి సగం తేలికగా చేరింది, ఎందుకంటే అది ఖర్చు తగ్గించేది. రెండో సగానికి డబ్బూ మనుషులూ కావాలి.

ఆ కేంద్రమే 2011 నుంచి జాతీయ క్షయ పరిశోధన సంస్థ పేరుతో చెన్నైలో పనిచేస్తోంది. ఇకమీదట ఏదైనా ఆరోగ్య పథకం గురించి చదివినప్పుడు మీరు రెండు ప్రశ్నలు వేయండి: దీన్ని ఎక్కడ పరీక్షించారు? పరీక్షలో రోగికి అందినవన్నీ పథకంలోనూ అందుతున్నాయా?