ఎండోటాక్సిన్ (ఇంటి దుమ్ము)

ఎండోటాక్సిన్ అనేది గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొరలో ఉండే లైపోపాలిశాకరైడ్. బ్యాక్టీరియా చచ్చినా ఇది ఇంటి దుమ్ములో మిగిలి, ఊపిరితో లోపలికి చేరి శ్వాసనాళాల్లో వాపు కలిగిస్తుంది. చిన్నతనంలో సూక్ష్మజీవుల తాకిడి తగ్గితే అలర్జీలు పెరుగుతాయనే పరిశుభ్రత పరికల్పనను 1989లో డేవిడ్ స్ట్రాకన్ ప్రతిపాదించాక దీనిపై పరిశోధన పెరిగింది. పశువుల మధ్య పెరిగినవారిలో అలర్జీలు తక్కువని పలు అధ్యయనాలు చూపాయి. పెద్దల్లో మాత్రం దీని మోతాదు ఎక్కువైతే పిల్లికూతలు, ఉబ్బసం ముదురుతాయి.

ఉత్తర తెలంగాణలో దీనికి ఒక ఆధారం పత్తి. ఆదిలాబాద్, జమ్మికుంట మార్కెట్లకు చేరేలోపు రైతులు పత్తిని ఇంటి గదుల్లోనే రాశి పోయడం మామూలే. దూదికి అంటిన ఎండుటాకు పొడిలో ఈ బ్యాక్టీరియా ఉంటుంది. పత్తి దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసేవారికి బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చు. వారాంతపు సెలవు తర్వాత తొలిరోజున ఛాతీ బిగుసుకుపోవడం దీని గుర్తు. లక్షణాలు అలర్జీని పోలినా, ఇది ఐజీఈ ప్రతిరక్షకాల వల్ల వచ్చే వ్యాధి కాదు.