తేయాకు రకాలు: బౌద్ధారామాల పాత్రలు చెప్పే సాక్ష్యం

గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ అన్నవి వేర్వేరు మొక్కల నుంచి వచ్చినవి కావు. అన్నీ కామెల్లియా సినెన్సిస్ అనే ఒకే జాతి ఆకులే. భేదమంతా కోసిన తరువాత ఆకుకు జరిగే సంస్కారంలో ఉంది. వెంటనే ఆవిరిపట్టి గాని వేయించి గాని ఆక్సీకరణను ఆపితే గ్రీన్ టీ, సగంలో ఆపితే ఊలాంగ్, పూర్తిగా సాగనిస్తే బ్లాక్ టీ తయారవుతాయి. చరిత్రకారునికి ఇంతకంటె ముఖ్యమైన విభజన మరొకటి ఉంది. అది అచ్చుబిళ్ల, పొడి, విడి ఆకు అనే మూడు రూపాల విభజన. ఆకు నశించినా పాత్ర మిగులుతుంది. ఏ కాలంలో ఏ రూపం వాడుకలో ఉండెనో పాత్రయే చెబుతుంది.

దక్షిణ భారతం నుంచి చైనాకు వెళ్లినట్లు సంప్రదాయం చెప్పే బోధిధర్ముడు ధ్యానంలో నిద్ర రాకుండా కనురెప్పలు కోసి పారవేయగా, అవి పడినచోట తేయాకు మొలిచిందని ఒక గాథ. దీనిని బట్టి చైనాకు తేయాకును భారతీయ భిక్షువే ప్రసాదించాడని భావించేవారున్నారు. కాని క్రీ.పూ. 141లో మరణించిన హాన్ చక్రవర్తి జింగ్ సమాధి సముదాయంలో తేయాకు మొగ్గల అవశేషాలు లభించాయి. బోధిధర్ముని కాలం క్రీ.శ. 5-6 శతాబ్దాలు. కనుక ఆ గాథ చరిత్రకు నిలువదు.

అయితే బౌద్ధసంఘం పాత్ర కల్పితం కాదు. మధ్యాహ్నం దాటిన తరువాత భుజించరాదని వినయ నియమం. పానీయాలకు మాత్రం అనుమతి ఉంది. పాలి మహావగ్గం మామిడి, నేరేడు వంటి ఫలాల పానకాలను పేర్కొంటుంది. చైనాలో ఈ అవకాశాన్ని తేనీరు ఆక్రమించింది. 8వ శతాబ్దంలో తైషాన్ ప్రాంతపు లింగ్‌యాన్ ఆరామంలో ధ్యానసాధకులు నిద్రను, రాత్రి భోజనాన్ని విడిచి తేనీరు మాత్రం సేవించేవారనీ, వారిని చూచి ఆ అలవాటు జనంలో వ్యాపించిందనీ తాంగ్ కాలపు రచయిత ఫెంగ్ యాన్ వ్రాశాడు. తేయాకుపై తొలి శాస్త్రగ్రంథమైన 'చా జింగ్' కర్త లు యు కూడ ఆరామంలో పెరిగినవాడే.

లు యు వర్ణించినది అచ్చుబిళ్ల తేయాకు. దానిని కాచి, నూరి, జల్లించి, ఉప్పు వేసిన మరుగునీటిలో కలిపేవారు. ఈ వర్ణనకు సాక్ష్యం 1987లో ఫామెన్ ఆలయ భూగృహంలో బయటపడింది. బుద్ధుని అంగుళీధాతువుతో పాటు క్రీ.శ. 874లో మూసివేసిన ఆ గృహంలో బంగారు పూత పూసిన వెండి నూరుడు పరికరం, జల్లెడ పెట్టె, ఉప్పు పాత్ర లభించాయి. నూరుడు పరికరంపై క్రీ.శ. 869 నాటి శాసనం ఉంది. ధాతువుకు సమర్పించిన కానుకలలో తేనీటి సామగ్రి చోటు చేసుకోవడం గమనించదగినది.

సోంగ్ యుగంలో మెత్తని పొడిని గిన్నెలోనే చిలికి నురుగు తెప్పించేవారు. తెల్లని నురుగు స్పష్టంగా కనబడేందుకు నల్లని గిన్నెలు వాడుకలోకి వచ్చాయి. 1191లో చైనా నుంచి తిరిగివచ్చిన భిక్షువు ఐసై ఈ పద్ధతికి జపాన్‌లో ప్రాచుర్యం కలిగించాడు. నేటి మచ్చా దాని వారసురాలు. 1391లో మింగ్ చక్రవర్తి హోంగ్‌వు అచ్చుబిళ్లల కప్పాన్ని రద్దు చేయడంతో విడి ఆకు ప్రాబల్యం పెరిగింది; నూరుడు పరికరం, జల్లెడ మరుగున పడి తేనీటి కూజా ముందుకు వచ్చింది. 1654లో జపాన్ చేరిన భిక్షువు ఇంగెన్ విడి ఆకును నానబెట్టే పద్ధతిని అక్కడ ప్రోత్సహించాడు. టిబెట్‌కు మాత్రం దూర రవాణాకు అనువైన ఇటుక తేయాకే చేరుతూ వచ్చింది. దానిని వెన్న, ఉప్పుతో చిలికి సేవిస్తారు. పెద్ద ఆరామాల వంటశాలలలోని మహాభాండాలు ఆ సామూహిక పానానికి నిదర్శనాలు.

తేయాకును బౌద్ధం సృష్టించలేదు. దాని పానాన్ని నియమబద్ధం చేసి దేశాలు దాటించింది. భారతదేశం నుంచి చైనాకు వెళ్లినది మొక్క కాదు, వికాల భోజనాన్ని నిషేధించిన వినయం. ఆ నియమం లేకుంటే ఆరామాలలో ఆ పాత్రలకు అంతటి స్థానం దక్కి ఉండేది కాదు.