పెట్టె, బండి, పడవ, ఫోను: బడిపిల్లల దగ్గరికి పుస్తకం వచ్చిన దారి



నేను పనిచేసేది హోసూరు ప్రాంతంలో ఒక మిడిల్ స్కూల్లో. తమిళనాట మిడిల్ స్కూలంటే ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు, సంతకు పోతే కన్నడం కూడా అర్థం చేసుకుంటారు. మూడు భాషలు చెవిన పడే పిల్లలు అదృష్టవంతులే. కానీ ఇంటి భాషలో అక్షరం చదవలేని పిల్లలు ఏటేటా ఎక్కువవుతున్నారు. అంచేత మాకు బడి గ్రంథాలయం అలంకారం కాదు, అవసరం.

నేను ఉద్యోగంలో చేరిన బడిలో గ్రంథాలయమంటే ఒక ఇనప బీరువా. తాళంచెవి పెద్దసారు గారి సొరుగులో ఉండేది. ఏడాదికోసారి తనిఖీకి తెరిచి, పుస్తకాలు లెక్కపెట్టి, మళ్ళీ మూసేవారు. ఆయన చెడ్డవారు కారు. ఒక పుస్తకం పోతే ఆ డబ్బు ఎవరు కట్టాలన్నదే ఆయన భయం. కొన్నేళ్ళకు అదే గదికి ఒక కంప్యూటరు వచ్చింది. దానికీ ప్లాస్టిక్ ముసుగు వేసి, గదికి తాళం వేశారు. బీరువా మీది దుమ్మే కంప్యూటరు మీదా పడింది. యంత్రం మారినా తాళం మారకపోతే ఫలితం మారదని నాకు ఆనాడే తెలిసింది.

ఇది ఒక్క బడి కథ కాదు. 1952లో నియమించిన మాధ్యమిక విద్యా సంఘానికి మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియార్ గారు అధ్యక్షులు. మన బడులలో గ్రంథాలయమని చెప్పదగినవి చాలా తక్కువని, పుస్తకాలు పాతవని, పిల్లల అభిరుచి చూడకుండా ఎంచినవని, వాటిని చూసే బాధ్యత గుమస్తాకో, ఆసక్తి లేని ఉపాధ్యాయుడికో పడుతున్నదని ఆ సంఘం నివేదికలో తేల్చిచెప్పింది. అది వచ్చి డెబ్భై ఏళ్ళు దాటినా, చదువుతుంటే ఎవరో మన గదిలోకి తొంగిచూసి రాసినట్టే ఉంటుంది.

మరి ఈ తాళాన్ని తీసినవారు ఎవరూ లేరా? ఉన్నారు. ఆ కథ బరోడాతో మొదలవుతుంది.

బరోడా మహారాజు మూడో శాయాజీరావు గైక్వాడ్ 1906లో తన రాజ్యంలో నిర్బంధ ప్రాథమిక విద్యను శాసనం చేశారు. పిల్లలు చదవడం నేర్చుకున్నారు. అయితే బడి విడిచాక చేతిలో పుస్తకం లేకపోతే నేర్చిన అక్షరం మరిచిపోతారు కదా! అందుకని ఆయన అమెరికా నుంచి విలియం బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి 1910లో పిలిపించారు. బోర్డెన్ మూడేళ్ళు ఉండి గ్రంథాలయ శాఖను ఏర్పాటు చేశారు, పనివారికి శిక్షణ ఇచ్చారు. పుస్తకాలను చెక్క పెట్టెల్లో సర్ది గ్రామాలకు పంపే పద్ధతి పెట్టారు. ఒక ఊరు చదివాక ఆ పెట్టె ఇంకో ఊరికి పోయేది.

ఆ శాఖలో మ్యాజిక్ లాంతరు కూడా ఉండేది. గాజు పలకల మీది బొమ్మలను దీపం వెలుగులో తెర మీద చూపించే యంత్రమది. సినిమా యంత్రమూ ఉండేది. అక్షరం రానివారికి కూడా బొమ్మ చూపి విషయం చెప్పేవారు. ఆ రోజుల్లో లాంతరంటే నేటి స్మార్ట్ ఫోనంత వింత. బొమ్మ కోసం వచ్చిన ఊరికి పుస్తకం అందించడానికి అదే శాఖలో పెట్టె కూడా ఉంది. మనం గమనించవలసింది ఈ జోడీని. లాంతరు ఒక్కటే ఉంటే అది ఒక రాత్రి వినోదంగానే మిగిలిపోయేది.

ఆ కాలంలోనే తెలుగునాట అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయోద్యమానికి నడుం కట్టారు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులు గారు. చూపు సరిగా లేక ఇతరుల చేత చదివించుకుని, చెప్పి రాయించుకున్న మహాకవి గ్రంథాలయ సభకు అధ్యక్షులు కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. పుస్తకం కంటితోనే కాదు, చెవితో కూడా చదువుతారని ఆయన జీవితమే చెబుతున్నది. 1919లో మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగినప్పుడు బరోడా గ్రంథాలయ శాఖకు చెందిన కుడాల్కర్ గారు అధ్యక్షత వహించారు. బరోడా అనుభవమూ ఆంధ్రుల ఉత్సాహమూ అలా ఒకే వేదిక మీద కలిశాయి.

ఇక మా తమిళనాటి సంగతి. షియాళిలో పుట్టిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. 1931లో ఆయన గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. మొదటిది, పుస్తకం దాచడానికి కాదు, వాడడానికి. ఈ ఒక్క మాట మా పెద్దసారు గారి సొరుగులో తాళంచెవి పక్కన పెట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడాదే, 1931 అక్టోబరులో, మన్నారుగుడి దగ్గర ఒక వింత బండి కదిలింది. కనకసభై పిళ్ళై అనే ఇంజనీరు, రంగనాథన్ గారి సహకారంతో, ఎద్దుల బండిలో అరలు అమర్చి గ్రంథాలయం చేశారు. ఊరూరా తిరిగి పుస్తకాలు ఇచ్చేవారు. బండికి కొత్త యంత్రమేమీ అక్కరలేదు. రైతు ఇంటిముందు ఉండే బండినే కాస్త మార్చారు.

మన గుంటూరు జిల్లాలో దారి నీటిది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడిల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. వడ్ల బస్తాలు పోయే కాలువలో పుస్తకాలు పోయాయి. రేవులో పడవ ఆగితే ఊరివాళ్ళు పాత పుస్తకం ఇచ్చి కొత్తది పుచ్చుకునేవారు. పెట్టె అయినా, బండి అయినా, పడవ అయినా అప్పటికి ఊరికి చేరగల సాధనం ఏదో దానినే వాడారు. పుస్తకం చేతికిచ్చే మనిషి ప్రతిచోటా ఉన్నాడు.

ఇప్పుడు మా బడికి వద్దాం. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావడం మంచిదే, నేను కూడా తమిళంలో పాఠం చెప్పేవాణ్ణే. కానీ తెలుగు చదివే అలవాటును కాపాడే బాధ్యత అప్పటి నుంచి ఇంటి మీద, బడి గ్రంథాలయం మీద ఎక్కువగా పడింది.

ఇక్కడ ఫోను మాకు లాంతరు అయింది. 2015లో ప్రథమ్ బుక్స్ వారు స్టోరీవీవర్ అనే ఉచిత కథల భాండాగారం తెరిచారు. చాలా కథలు అవే బొమ్మలతో తెలుగులోనూ, తమిళంలోనూ, కన్నడంలోనూ దొరుకుతాయి. మొదట నేను పొరపాటు చేశాను. ఫోను నలుగురి మధ్య పెట్టి కథ వినిపించాను. మొదటి వారం గుమిగూడారు. మూడో వారానికి బొమ్మ చూస్తున్నారు, మాట వింటున్నారు, అక్షరం వైపు ఒక్కరూ చూడడం లేదు. లాంతరు వెలిగింది గానీ పెట్టె రాలేదు!

తరువాత పద్ధతి మార్చాను. కథను అచ్చు తీసి, ఎడమ పేజీలో తమిళం, కుడి పేజీలో తెలుగు వచ్చేలా దారంతో కుట్టాము. ఫోనులో కథ సగం వినిపించి ఆపేసేవాణ్ణి. మిగతా సగం కావాలంటే పుస్తకం ఇంటికి తీసుకుపోవాలి. బీరువా తాళం తీసేశాను. పుస్తకం ఇచ్చిపుచ్చుకునే నోటుబుక్కు ఏడో తరగతి పిల్లల చేతికే ఇచ్చాను. కొన్ని పుస్తకాలు చిరిగాయి, రెండు మూడు తిరిగి రాలేదు. వాటిని చదివి అరిగినవాటి లెక్కలో రాసుకున్నాను.

ఒకరోజు ఆరో తరగతి పిల్ల వచ్చి, "సార్, మా అవ్వ ఈ కత వేరే మాదిరి చెప్తుంది" అంది. అవ్వకు చదువు రాదు. ఆ కథను అవ్వ గొంతులోనే ఫోనులో పట్టుకు రమ్మన్నాను. తెచ్చింది. విని, పిల్లలే తెలుగులో రాశారు. తప్పులు బోలెడు. "కత" అనే రాశారు, నేను దిద్దలేదు. ఆ నాలుగు పేజీలు మా గ్రంథాలయంలో ఇప్పుడు ఎక్కువమంది అడిగే పుస్తకం. దానిని ఆ పిల్ల ఇంటికి తీసుకుపోయి అవ్వకు చదివి వినిపించిందట. తన మాట కాగితం మీది నుంచి తిరిగి రావడం అవ్వ అదే మొదటిసారి విన్నది.

బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, రాయగడలోనైనా, యానాంలోనైనా ఈ మాట వింటున్న తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు ఒక్క మనవి. మీ బడికి కొత్త తెర వస్తే సంతోషించండి. కానీ ఆ తెర చూసిన పిల్లవాడి చేతిలో సాయంత్రం ఏ పుస్తకం ఉన్నదో అడగండి. బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో కూడా అడగండి. పెట్టె మోసినవారు, బండి తోలినవారు, పడవ నడిపినవారు మనకంటే తక్కువ సాధనాలతో ఆ పని చేసి చూపించారు.