షుగరు, ఇన్సులిన్, దాని చుట్టాలు

బొమ్మసంద్ర–జిగణి లింక్ రోడ్డు మీద తిరిగే మనవాళ్లకు బయోకాన్ పార్కు కొత్త కాదు. ఇన్సులిన్ గ్లార్జిన్ తయారుచేసే సంస్థల్లో బయోకాన్ ఒకటి. రోజుకొకసారి వేసుకునే ఆ సూది మన ఇళ్లలో చాలా ఫ్రిజ్‌లలో ఉంటుంది. దాంతోపాటు ‘అది వాడితే క్యాన్సరొస్తుందట’ అన్న మాటా ఉంటుంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఇన్సులిన్ చుట్టాల గురించి చెప్పుకోవాలి.

ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలుంటాయి. 1978లో రిండర్‌నెక్ట్, హంబెల్ అనే శాస్త్రవేత్తలు 70 అమైనో ఆమ్లాలున్న మరో ప్రొటీన్ నిర్మాణాన్ని తేల్చారు. ఇన్సులిన్‌కు బాగా దగ్గరి పోలిక ఉన్న దాని పేరు ఐజీఎఫ్-1, అంటే ఇన్సులిన్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్. గ్రోత్ హార్మోన్ ప్రేరణతో కాలేయం దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. రక్తంలోని గ్లూకోజును అదుపులో ఉంచడం ఇన్సులిన్ ముఖ్యమైన పని. కణాలను పెంచడం, విభజింపజేయడం ఐజీఎఫ్-1 పని. అయితే ఒకరి తాళంచెవి రెండోవారి తాళంలో కొంచెం తిరుగుతుంది. ఐజీఎఫ్-1ను మందుగా తీసుకునే పిల్లలకు షుగరు పడిపోయే ప్రమాదం ఉండేది అందుకే.

గ్లార్జిన్ మీద అనుమానమూ ఇక్కడిదే. ప్రయోగశాలలో అది ఐజీఎఫ్-1 గ్రాహకాన్ని మామూలు ఇన్సులిన్ కంటే గట్టిగా పట్టుకుంది. 2009లో యూరప్‌లో వచ్చిన కొన్ని పరిశీలనలు క్యాన్సర్ భయం రేపాయి. మన వాకిళ్ల దాకా వచ్చింది ఈ సగం కథే. ఒంట్లోకి వెళ్లాక గ్లార్జిన్ చాలావరకు వేరే రూపంలోకి మారుతుంది, ఆ రూపానికి అంత పట్టు ఉండదు. 12,500 మందికి పైగా పాల్గొన్న ఒరిజిన్ అధ్యయనం ఆరేళ్లకు పైగా సాగి 2012లో వెలువడింది. గ్లార్జిన్ వాడినవాళ్లలో క్యాన్సర్ పెరగలేదు. పుకారు విని సూది మానేయడమే అసలు ప్రమాదం. టైప్-1 వాళ్లకైతే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఎఫ్‌జీఎఫ్-21 అనేది ఇంకో కుటుంబానికి చెందిన ఫ్యాక్టర్. ఇదీ ఎక్కువగా కాలేయంలోనే పుడుతుంది, హార్మోనులాగే రక్తంలో తిరుగుతుంది. 2005లో షుగరున్న ఎలుకలకు ఇస్తే గ్లూకోజు బాగా దిగింది. మనుషుల్లో ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి గాని షుగరు అంతగా తగ్గలేదు. ఇప్పుడు ఆ తరహా మందులను ఫ్యాటీ లివర్ కోసం పరీక్షిస్తున్నారు.

షుగరు ఉందో లేదో తేల్చడానికి ఈ ఫ్యాక్టర్ల పరీక్షలేవీ అక్కర్లేదు. పరగడుపు రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ చాలు.